ఎలామ్ గుమాస్తాల గురించి ఒక్క మాటైనా రాయవలసింది

సంపాదకులు గారికి,

ప్రాచీన ఇరాన్‌లోని ఎలామ్ రాజ్యం గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. అక్కడివాళ్లు మాట్లాడింది ద్రావిడ భాషేనని, తెలుగుకు అది దగ్గరి చుట్టమని, ఇక ఆ విషయంలో సందేహమే లేదన్నట్టుగా రాశారు. నేను భాషాశాస్త్రం చదువుకోలేదు. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తి (కమిషన్) దుకాణంలో గుమాస్తాగా పనిచేసి మానుకున్నాను. అయినా ఎలామ్ వాళ్ల భాష అయిన ఎలామైట్ మీద నాకు చాలాకాలంగా ఆసక్తి ఉంది. దొరికినంత చదివాను కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా ఆ చుట్టరికం సంగతి. ద్రావిడ భాషలకు, ఎలామైట్‌కు పోలికలున్నాయని, ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం రాసిన కాల్డ్‌వెల్ 1856లోనే అన్నారు. డేవిడ్ మెక్‌ఆల్పిన్ అనే అమెరికన్ పండితుడు 1974లో, తర్వాత 1981లో పదాలు, ప్రత్యయాలు పక్కపక్కన పేర్చి, ఈ రెండూ ఒకే మూలభాష నుంచి వచ్చాయని వాదించారు. ద్రావిడ భాషల విషయంలో ప్రపంచమంతా ప్రమాణంగా తీసుకునే మన భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఆ వాదాన్ని అంగీకరించలేదు. మెక్‌ఆల్పిన్ చూపిన ధ్వని సూత్రాలు చాలావరకు అవసరానికి తగ్గట్టు కల్పించుకున్నట్టున్నాయని ఆయన అభిప్రాయం. ఎలామైట్‌లోనూ మన భాషల్లోనూ ప్రత్యయాలు ఒకదాని వెనక ఒకటి చేరతాయి నిజమే, కానీ అలా చేరడం తుర్కీలోనూ ఉంది, సుమేరియన్‌లోనూ ఉంది. అంతమాత్రాన అవి మనకు బంధువులు కావు. ఎలామైట్‌ను ఏ కుటుంబానికీ చెందని ఒంటరి భాషగానే ఎక్కువమంది పండితులు లెక్కిస్తున్నారు. ఒక ప్రతిపాదనను ప్రతిపాదనగానే చెప్పాలి. పిల్లలు ఆ పేజీ కత్తిరించి దాచుకుంటారు, పోటీ పరీక్షల్లో అదే రాస్తారు.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఇది కూడా కాదు. పేజీ నిండా చుట్టరికమే తప్ప, వాళ్లు ఏం రాసుకున్నారో ఒక్క వాక్యం లేదు.

1933లో, ఇరాన్‌లోని పాత పర్షియన్ రాజధాని పర్సెపోలిస్ కోటగోడ గదుల్లో షికాగో విశ్వవిద్యాలయం తవ్వకాల్లో వేలకొద్దీ మట్టి పలకలు, పలకల ముక్కలు బయటపడ్డాయి. క్రీ.పూ. 509 నుంచి 493 వరకు, డేరియస్ చక్రవర్తి కాలం నాటివి. రాజు పర్షియన్, ఆయన మాతృభాష పర్షియన్. కచేరీ లెక్కలు మాత్రం ఎక్కువగా ఎలామైట్‌లో నడిచాయి, ఎందుకంటే లెక్కలు రాయడం వచ్చిన గుమాస్తాల సంప్రదాయం అది. రిచర్డ్ హలక్ వీటిలో 2087 పలకలను చదివి 1969లో ప్రచురించారు. ఆ పుస్తకం తెరిచినప్పుడు నాకు కలిగిన సంతోషం ఇంకా గుర్తుంది. ఇంత ధాన్యం, ఫలానా అతని నిల్వ నుంచి, ఫలానా అతను తీసుకున్నాడు, ఫలానా పనివాళ్ల కోసం, ఫలానా నెల, డేరియస్ ఏలుబడి 23వ సంవత్సరం. పక్కన ముద్ర. రైతు పేరు, సరుకు, బస్తాలు, తూకం, ధర, హమాలీ, దడువాయి (తూకం వేసేవాడు) కోతలు, తేదీ అంటూ నేను ఉద్యోగమంతా రాసిన తక్‌పట్టీ (రైతుకిచ్చే లెక్క చీటీ) కూడా దాదాపు ఇలాంటిదే.

ఆ పలకల్లో మనుషులు కనిపిస్తారు. పనివాడికి నెలకు చాలాచోట్ల 3 బార్ల ధాన్యం, ఆడవాళ్లకు తరచుగా 2 బార్లు. బార్ అంటే 10 లీటర్లకు కాస్త తక్కువ. కొన్ని బృందాలకు పెద్దగా ఉన్న స్త్రీకి మాత్రం 5 బార్లు ఇచ్చారు. ప్రసవించిన తల్లులకు అదనపు బత్తెం ఉంది. అయితే కొడుకును కన్న తల్లికి ఇచ్చినదానిలో సగమే కూతురిని కన్న తల్లికి దక్కింది. రెండున్నర వేల ఏళ్ల కిందటి ఆ చీటీ చదువుతుంటే మనసు కష్టపడింది. హిందుష్, అంటే సింధు ప్రాంతం, నుంచి వచ్చిన ప్రయాణికులకు దారిలో ఇచ్చిన పిండి లెక్క కూడా ఉంది. మన ఉపఖండం ఎలామైట్ పలకల మీద నిస్సందేహంగా కనిపించేది అక్కడ. వ్యాసకర్త దాన్నే వదిలేశారు.

పర్నాక అనే పెద్ద అధికారి ఈ వ్యవహారమంతా చూసేవాడు. ఆయనకు రోజుకు 2 గొర్రెలు, 90 కొలతల (ఒక్కో కొలత సుమారు ఒక లీటరు) ద్రాక్షసారా, 180 కొలతల పిండి. అంత పెద్దవాడు క్రీ.పూ. 500లో కింది అధికారులకు ఇలా తెలియజేశాడు: ఇదివరకు నాదిగా ఉన్న ముద్ర మారింది, ఈ పలక మీద వేసిందే ఇకపై నా ముద్ర. ముద్ర మారితే ఎంత గల్లంతు జరుగుతుందో మార్కెట్‌లో పనిచేసిన ఎవరినైనా అడగండి. ఎంత హోదా ఉన్నా ఆ మాట రాతపూర్వకంగా చెప్పిన మనిషి మీద నాకు గౌరవం.

ఈ భాష చదవగలగడానికి కారణం ఇరాన్‌లోని బెహిస్తూన్ కొండ. డేరియస్ తన విజయాలను అక్కడ పాత పర్షియన్, ఎలామైట్, బాబిలోనియన్ భాషల్లో చెక్కించాడు. మూడు భాషల శాసనం కరీంనగర్ జిల్లా కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట మీద మనకూ ఉంది: 10వ శతాబ్దంలో జినవల్లభుడు వేయించిన సంస్కృత, కన్నడ, తెలుగు శాసనం. ఆ మూడు భాషలూ తెలిసినవాళ్లు నేటికీ ఉన్నారు. బెహిస్తూన్ లిపులను చదవగలవాళ్లు మాత్రం కాలక్రమంలో ఒక్కరూ మిగల్లేదు, పండితులు వాటిని మళ్లీ మొదటి నుంచి విప్పుకోవలసి వచ్చింది. ముందు పాత పర్షియన్ విడింది, అందులోని రాజుల పేర్లు, ఊర్ల పేర్లు పట్టుకుని ఎలామైట్ అక్షరాల ధ్వనులు రాబట్టారు. ఆ కొండ ఎక్కి శాసనాన్ని నకలు చేసిన ఆంగ్లేయుడు రాలిన్సన్ తీసుకొచ్చిన ప్రతుల ఆధారంగా ఎడ్విన్ నోరిస్ 1855లో ఎలామైట్ పాఠాన్ని ప్రచురించారు.

ఈ ఎలామైట్ లిపి మేకుల్లాంటి గీతలతో రాసే క్యూనిఫాం, బాబిలోనియా వైపు నుంచి తెచ్చుకున్నది. అంతకుముందు ఎలామ్‌కు సొంత లిపి ఉండేది. పూజుర్ ఇన్షుషినాక్ రాజు కాలపు రేఖా లిపిని దాదాపు పూర్తిగా చదివామని ఫ్రాన్సువా దెసే బృందం 2022లో ప్రకటించింది. దానిమీద చర్చ నడుస్తోంది. ఇంకా వెనక్కి, సుమారు 5000 ఏళ్ల కిందటి తొలి ఎలామైట్ పలకలు 1600కు పైగా ఉన్నాయి. అవీ లెక్కలే. అంకెల పద్ధతి అర్థమైంది, కొలతలు కొంతవరకు తెలిశాయి, పేర్లు మాత్రం ఎవరూ చదవలేకపోతున్నారు. ఎంత ఇచ్చారో తెలిసి ఎవరికిచ్చారో తెలియని ఖాతా అది. ఒక గుమాస్తాకు అంతకన్నా బాధ ఏముంటుంది?

పర్సెపోలిస్ పలకలకు ఇంకో గండం కూడా వచ్చింది. 1997లో జెరూసలేంలో జరిగిన బాంబు దాడి బాధితులు ఇరాన్ నుంచి పరిహారం రాబట్టుకోవడానికి షికాగోలో అరువుగా ఉన్న ఈ పలకలను జప్తు చేయాలని దావా వేశారు. ఆ కుటుంబాల దుఃఖం నిజమైనదే. కానీ పలకలు అమ్ముడుపోయి తలా ఒక చోట పడితే ఆ లెక్క మళ్లీ కుదరదు, ఎందుకంటే ఒక చీటీని ఇంకో చీటీతో సరిచూసుకుంటేనే అర్థం వస్తుంది. పలకల జప్తు కుదరదని 2018 ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మరుసటి ఏడాది 1783 పలకలు ఇరాన్‌కు తిరిగి వెళ్లాయి.

నేను కోరేవి రెండు. ఎలామైట్‌కు ద్రావిడ భాషలతో బంధుత్వం నిరూపణ కాలేదని వచ్చే ఆదివారం ఒక సవరణ వేయండి. ఆ పక్కనే ఒక పలక పూర్తి పాఠాన్ని తెలుగులో అచ్చు వేయండి. హలక్ పుస్తకాన్ని షికాగో విశ్వవిద్యాలయం ఇంటర్నెట్‌లో ఉచితంగానే ఉంచింది. పర్నాక తన ముద్ర గురించి రాయించిన పలకను ఎంచుకుంటే బాగుంటుంది.

భవదీయుడు,
ఒక విశ్రాంత గుమాస్తా,
హనుమకొండ