చిల్లర లేదని మేం చెప్పింది నిజం కాదు

విజయవాడ సత్యనారాయణపురంలో మన కిరాణా కొట్టుకు వచ్చే అందరికీ నమస్కారం.

వచ్చే సోమవారం నుంచి చిల్లరకు బదులు చాక్లెట్ ఇవ్వడం మానేస్తున్నాం. విషయం ఇంతే. కానీ ఎందుకు మానేస్తున్నామో చెప్పాలంటే నా తప్పు ఒప్పుకోవాలి. అందుకే ఇంత పొడుగు రాస్తున్నాను, కాస్త ఓపిక పట్టండి.

పోయిన నెల మన పాత కస్టమర్ ఒకాయన, రిటైరైన ఆర్టీసీ కండక్టర్ గారు, కందిపప్పు తీసుకున్నారు. ఆయనకు మూడు రూపాయలు తిరిగివ్వాలి. అలవాటు కొద్దీ సీసాలో చెయ్యి పెట్టి మూడు చాక్లెట్లు తీసి ముందు పెట్టాను. "చిల్లర లేదండీ" అన్నాను. ఆయన కోప్పడలేదు. "డ్యూటీలో ఉన్నన్నాళ్లూ చిల్లర లేకపోతే టికెట్ వెనక రాసిచ్చేవాణ్ణయ్యా. స్టాపులో దిగేలోపు ఎలాగోలా సర్దేవాణ్ణి. మరి నీ కొట్లో దిగే స్టాపు ఏది?" అన్నారు. పక్కనున్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికెళ్లాక అన్నం సయించలేదు.

ఎందుకంటే చిల్లర ఉంది. సింగ్‌నగర్‌లో మా ఇంట్లో, వంటింటి అల్మరా కింద ఐదు స్టీలు డబ్బాల నిండా ఉంది. రోజూ రాత్రి నోట్లు లెక్కపెట్టి కట్టలు కట్టి, గల్లాపెట్టెలో మిగిలిన బిళ్ళలన్నీ ఒక కవర్లో పోసుకుని ఇంటికి తెచ్చేవాణ్ణి. రేపు విడదీద్దాంలే అని డబ్బాలో కుమ్మరించేవాణ్ణి. ఆ రేపు నాలుగేళ్లు రాలేదు. తెల్లారి కొట్టు తీస్తే గల్లా ఖాళీ, ఇక చిల్లర లేదనే మాట మొదలు. దసరా రోజుల్లో అయితే నూటికి ఐదు రూపాయల కమీషన్ ఇచ్చి చిల్లర కొన్నాను కూడా. సొంత డబ్బు ఇంట్లో మూలుగుతుంటే బయట కమీషన్ పోసి కొనడం! ఇది చదివితే మా నాన్న ఏమనేవారో నాకు తెలుసు, ఇక్కడ రాయలేను.

చాక్లెట్ల లెక్క కూడా చెప్పేస్తాను. మీకు రూపాయికి ఇచ్చే చాక్లెట్ నాకు ఎనభై పైసలకు పడుతుంది. రోజుకు ముప్పై పోతాయనుకుంటే ఆరు రూపాయలు, ఏడాదికి రెండు వేల పైమాట. అంటే చిల్లర లేకపోవడం నాకు నష్టం కాదు, చిన్న లాభం. విడదీయడానికి బద్ధకం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది.

ఆ ఆదివారం డబ్బాలు బయటికి తీశాం. కింద ఉన్న రెండు డబ్బాల్లో బిళ్ళలు నల్లగా ఉన్నాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద మా వీధిని ముంచినప్పుడు అవి నీళ్లలోనే ఉండిపోయాయి. అప్పుడు ఇల్లు కడుక్కోవడమే సరిపోయింది, వీటి మొహం ఎవరూ చూడలేదు. చింతపండు పులుసులో నానబెడితే ఐదు రూపాయల బిళ్ళలు పెళ్లికి తయారైనట్టు మెరిశాయి. స్టీలువి మాత్రం అంతంతమాత్రమే.

తూకం వేస్తే సరిపోతుంది కదా అనుకున్నాను, కొట్లో కాటా ఉందాయె. ఇక్కడే దెబ్బ తిన్నాను. రూపాయి బిళ్ళ ఒక్క రకం కాదు. 2019లో వచ్చిన కొత్తది 3.09 గ్రాములు. 2011లో రూపాయి గుర్తుతో వచ్చినది 3.79. అంతకుముందు తొంభైల్లో మొదలైన పెద్ద స్టీలు రూపాయి 4.85. అన్నీ కలిసిపోయిన డబ్బాను తూచి ఏం తెలుసుకుంటాం? ఇంకా విచిత్రం, 2011 నాటి రెండు రూపాయల బిళ్ళ కూడా సరిగ్గా 4.85 గ్రాములే, వెడల్పు కూడా ఆ పాత రూపాయిలాగే 25 మిల్లీమీటర్లు. వంద బిళ్ళలు 485 గ్రాములు తూగితే అది వంద రూపాయలైనా కావచ్చు, రెండు వందలైనా కావచ్చు. గల్లా దగ్గర హడావుడిలో రెండుకు ఒకటి, ఒకటికి రెండు ఎన్నిసార్లు ఇచ్చానో ఆ దేవుడికే తెలియాలి. తక్కువ వచ్చినవాళ్లు క్షమించండి. ఎక్కువ వచ్చినవాళ్లు ఎవరూ ఇంతవరకు వచ్చి చెప్పలేదు, అది వేరే సంగతి.

కండక్టర్ గారినే అడిగాను. నవ్వి ఒక పూట వచ్చి కూర్చున్నారు. మొదట రంగు చూసి ఐదు, పది, ఇరవై పక్కకు తీసెయ్యమన్నారు. పది, ఇరవై ఒకే వెడల్పు, కానీ ఇరవైకి పన్నెండు పలకలుంటాయి, వేలు తిప్పితే తెలిసిపోతుంది. పాత స్పీకరులోంచి తీసిన అయస్కాంతం కూడా పనికొచ్చింది. స్టీలువి అంటుకుంటాయి, పసుపు రంగు ఐదు అంటుకోదు. 2007 నుంచి కొన్నాళ్లు ఐదు కూడా స్టీలుతోనే వచ్చింది, అవి మాత్రం మోసం చేశాయి. ఒకటీ రెండూ కలిసిన కుప్పకు వేరే దారి లేదు, కళ్లతో చూసి తీయాల్సిందే. తర్వాత పదేసి బిళ్ళల దొంతరలు. పది దొంతరలు వరసగా నిలబెట్టి పైన స్కేలు పెడితే ఎక్కడ తగ్గిందో కనిపిస్తుంది. ఆయన మొదటి దొంతరను "లాభం" అని లెక్కపెట్టారు, ఆ తర్వాతే రెండు, మూడు. కల్లంలో ధాన్యం కొలిచేటప్పుడు మా తాత కూడా అలాగే అనేవాడు.

మా అమ్మాయి ఫోన్లో ఏదో చూసి, వేరే దేశాల్లోలా కాగితం చుట్టలు చేద్దామంది. పేపరు ముక్కల్లో యాభై చొప్పున చుట్టాం. చూడ్డానికి బాగానే ఉన్నాయి. సంచిలో వేసుకుని మెట్లు దిగుతుంటే రెండు చుట్టలు విప్పుకుని, బిళ్ళలు కింది వాటా వాళ్ల గుమ్మం దాకా దొర్లాయి. చివరికి జీలకర్ర పొట్లాలకు వాడే కవర్లే గతి అయ్యాయి. పిల్ల మాత్రం సంవత్సరం కింద నక్షత్రం ఉన్నవన్నీ ఒక కుప్ప పోసింది. అవి హైదరాబాద్ టంకశాలలో ముద్రించినవి. అంతకు మించి వాటి విలువేం పెరగదని చెప్పినా వినలేదు.

మూడు ఆదివారాలు పట్టింది. రూపాయలు 6,412, రెండు రూపాయలవి 2,305, ఐదువి 1,540, పదివి 388, ఇరవైవి 17, అర్ధ రూపాయలు 46. మొత్తం 22,965 రూపాయలు. బరువు దాదాపు యాభై కిలోలు, రెండు చిన్న బియ్యం బస్తాలంత.

నలభై కవర్ల రూపాయి బిళ్ళలు స్కూటర్ మీద పెట్టుకుని బ్యాంకుకు వెళ్లాను. మొదటి బ్రాంచిలో సంచి చూడగానే "మేం తీసుకోం" అన్నారు. వంద చొప్పున పాలిథిన్ కవర్లలో తెస్తే అందరికీ సులువని రిజర్వ్ బ్యాంక్ సర్క్యులర్లలోనే ఉంది, బ్యాంకులు నాణేలు తీసుకోబోమని అనకూడదు. వాదించే ఓపిక లేక ఇంకో బ్రాంచికి వెళ్తే అక్కడ మాట్లాడకుండా తీసుకున్నారు. మిగతావి కొట్టుకు తెచ్చాను.

ఇంకో తప్పు కూడా ఉంది. పది రూపాయల బిళ్ళ చెల్లదని నేనే చాలామందిని తిప్పి పంపాను. బిళ్ళ మీద గీతలు పదుంటేనే అసలుదని, పదిహేనుంటే దొంగదని విని నమ్మాను. రిజర్వ్ బ్యాంక్ 2018లోనే చెప్పింది, అప్పటికి వచ్చిన పద్నాలుగు రకాలూ చెల్లుతాయని, రూపాయి గుర్తు ఉన్నా లేకున్నా. అనుమానమున్నవాళ్లు ఫోన్లో వినడానికి అప్పట్లో 14440 నంబరు కూడా ఇచ్చింది. ఇకపై పది, ఇరవై బిళ్ళలు ఏ రకమైనా తీసుకుంటాం. అర్ధ రూపాయి కూడా, అయితే చట్టం ప్రకారం ఒకసారికి పది రూపాయల వరకే.

గల్లా పక్కన ఇప్పుడు ఆరు గళ్ల చెక్క పెట్టె ఉంటుంది, రాత్రి కొట్టు మూసే ముందే విడదీస్తాం. ఎప్పుడైనా నిజంగానే చిల్లర అయిపోతే బిల్లు వెనక రాసి సంతకం పెట్టి ఇస్తాను. మళ్లీ వచ్చినప్పుడు చూపిస్తే సరి, సామాను కొనక్కర్లేదు. చాక్లెట్ల సీసా ఉంటుంది, కావాలని అడిగిన పిల్లలకే.

మీ చిల్లర మార్చే పనికోసం ఆదివారాలు మధ్యాహ్నం ఒంటిగంటకే అమ్మకాలు ఆపేస్తున్నాం, ఇబ్బందైతే మన్నించండి. ఒంటిగంట నుంచి మూడు దాకా మీ ఇంట్లో డిబ్బీల్లో, పాత డబ్బాల్లో ఉన్న చిల్లర తెస్తే మనిషికి వెయ్యి రూపాయల వరకు నోట్లు ఇస్తాం. కమీషన్ లేదు. విడదీసి తెస్తే దణ్ణం పెడతాను. కలగాపులగంగా తెస్తే స్టూలు వేస్తాను, మీరూ కూర్చోవాలి.