చిన్నోడికి, గంటల లెక్క గురించి

మెల్‌బోర్న్ నుంచి

చిన్నోడా,

ఫోన్‌లో చెబితే "సరే అక్కా, చూస్తాలే" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నాను. మరదలు పంపిన నీ కొటేషన్లు, బ్యాంకు స్టేట్‌మెంటు చూశాను. తన మీద కోపం తెచ్చుకోకు, అడిగి తెప్పించుకున్నది నేనే. నీ ఇంటీరియర్ డిజైన్ పనికేం కొదవ లేదు, కోకాపేటలో ఫ్లాటు, మియాపూర్‌లో ఇంకోటి, కొంపల్లిలో విల్లా, అయినా నెలాఖరుకి నాన్న పెన్షన్‌లోంచి చేబదులు తీసుకుంటున్నావట. రేటు తక్కువ పెడుతున్నానేమో అని నీ అనుమానం. అయ్యుండొచ్చు. కానీ నీ గంటలు ఎటు పోతున్నాయో నీకే తెలియనప్పుడు, అది తక్కువో ఎక్కువో ఎలా చెబుతావురా?

నేనిక్కడ ప్లంబర్లకి, ఎలక్ట్రీషియన్లకి, ఇళ్లు క్లీన్ చేసేవాళ్లకి లెక్కలు రాస్తానని తెలుసు కదా. మూడు నెలలకోసారి వాళ్ల జీఎస్టీ రిటర్నులు కూడా నా చేతి మీదే వెళ్తాయి, అంటే వాళ్లు ఎవరి దగ్గర ఎంత తీసుకుంటున్నారో బిల్లు బిల్లూ నాకు కనిపిస్తుంది. ఇక్కడ ప్లంబర్ గుమ్మంలో అడుగు పెడితే చాలు, కాల్-అవుట్ ఫీజు పడుతుంది. నట్టు బిగించడానికి పట్టేది అయిదు నిమిషాలే కావచ్చు, అతను వచ్చిన దారి, వ్యాను ఖర్చు, ఆ టైములో ఇంకో ఇంటికి వెళ్లలేకపోవడం అన్నీ ఆ ఫీజులోనే ఉంటాయి. లాయర్లు ఇంకా ఘనులు, గంటని ఆరేసి నిమిషాల ముక్కలు చేసి బిల్లేస్తారు, ఫోన్ ఎత్తి హలో అంటే ఒక ముక్క అయిపోయినట్టే. మనకి అంత వద్దులే, హైదరాబాద్‌లో అలా చేస్తే మళ్లీ ఎవరూ మన నంబరుకి ఫోన్ చేయరు.

ఇక నీ బోర్డు. "3డీ డిజైన్ ఉచితం" అని అంతంత అక్షరాలతో రాయించావు. ఉచితం అన్నదాంట్లో ఏమేం ఉన్నాయో ఎప్పుడైనా రాసుకున్నావా? సైటుకెళ్లి కొలతలు తీయాలి, ప్లాన్ గీయాలి, హాలు, కిచెన్, బెడ్‌రూమ్‌లు తయారయ్యాక ఎలా ఉంటాయో చూపించే 3డీ బొమ్మలు, అదే వ్యూలు చేయాలి. తర్వాత టీవీ యూనిట్ ఇటు తిప్పమంటారు, పూజ గదికి తలుపులు మార్చమంటారు, అంతా ఓకే అనుకున్న రోజున వాళ్ల వాస్తు ఆయన దిగి స్టవ్ ఆ మూలకి జరపమంటే కిచెన్ మొత్తం మళ్లీ మొదటికి వస్తుంది. ఇంతా చేసి పంపితే, ఆ బొమ్మలు పట్టుకెళ్లి తెలిసిన కార్పెంటర్‌తో చేయించుకుంటారు. వాళ్లని నేను తప్పు పట్టను. ఉచితం అన్నది మనమే.

కాబట్టి ఒక్క నెల నీ గంటలు రాయి. క్లాకిఫై లాంటి యాప్ ఫోన్‌లో ఉచితంగా దొరుకుతుంది, అది చిరాకనిపిస్తే గూగుల్ షీట్, అదీ కాదంటే జేబులో చిన్న నోట్‌బుక్. ఏ క్లయింట్, ఏం పని, ఎప్పటినుంచి ఎప్పటిదాకా, అంతే. రాత్రి పడుకునే ముందు గుర్తు చేసుకుని రాస్తానంటావేమో, వద్దు, అప్పటికి ఫోన్ కాల్స్ అన్నీ ఎగిరిపోతాయి, నీ దగ్గర ఎక్కువ టైము తినేవి అవే. గచ్చిబౌలి ట్రాఫిక్‌లో ఇరుక్కున్న గంటా రాయాలి, హ్యాండిల్స్, హింజెస్ కోసం రాణిగంజ్‌లో తిరిగిన పూటా రాయాలి, లామినేట్ల షాపులో క్లయింట్ ఫ్యామిలీ క్యాటలాగులన్నీ తిరగేసి చివరికి మొదటిదే బాగుందన్న మధ్యాహ్నం కూడా రాయాలి. రాత్రి పదకొండుకి వచ్చే వాట్సాప్ వాయిస్ మెసేజీలు, ఫాల్స్ సీలింగ్ వాడు రాకపోతే వాడికి చేసిన ఫోన్లు, రాని పనికి వేసిన కొటేషన్లు కూడా.

ఆ నెల అయ్యాక ఈ లెక్క చెయ్యి. ఉదాహరణకి చెబుతున్నాను, అంకెలు నీవి వేసుకో. ఇంటికి, లోనుకి కలిపి నెలకి 75,000 కావాలనుకో. పెట్రోలు, సాఫ్ట్‌వేర్, ఆఫీసు అద్దె, ఫోన్లు కలిపి 25,000. పన్నుకి, ల్యాప్‌టాప్ పాడైతే కొనడానికి, పని లేని రోజులకి ఇంకో 20,000. మొత్తం 1,20,000. నువ్వు నెలకి 25 రోజులు, రోజుకి 9 గంటలు పనిచేస్తే 225 గంటలు, భాగిస్తే గంటకి 533 రూపాయలు వస్తుంది, పర్లేదే అనిపిస్తుంది. కానీ ఆ 225లో క్లయింట్ డబ్బు కట్టే గంటలు ఎన్ని? నా దగ్గరికొచ్చే చిన్న వ్యాపారుల్లో కొత్తవాళ్లు సగం దాటడమే కష్టం. సగమే అనుకుని 110తో భాగించు, దాదాపు 1,090 వస్తుంది. నువ్వు కొటేషన్ వేసేటప్పుడు మనసులో ఉండాల్సింది ఈ రెండో అంకె. అంతకన్నా కిందికి బేరం దిగితే మిగతాది నీ నిద్రలోంచో నాన్న పెన్షన్‌లోంచో పోతోందన్నమాట.

ఇది క్లయింట్‌కి చూపించే అంకె కాదు, అది మాత్రం గుర్తుపెట్టుకో. గంటకి ఇంత అంటే వీడు నిదానంగా చేస్తాడేమో అని వాళ్లకి భయం, ఆ భయం న్యాయమైనదే కూడా. వాళ్లకి ఒకే మొత్తం చెప్పు. డిజైన్ ఫీజు విడిగా పెట్టు, అందులో కొలతలు, ప్లాన్, వ్యూలు, రెండు సార్లు మార్పులు ఉంటాయని రాయి, మూడోసారి నుంచి ఎక్స్‌ట్రా. వాస్తు ఆయన్ని మొదటి మార్పుకి ముందే తీసుకురమ్మను. పని మనకే ఇస్తే డిజైన్ ఫీజు మొత్తం తగ్గించేస్తాం అనేవాళ్లున్నారు, నాకది నచ్చదు, సగం తగ్గించు చాలు. సూపర్‌విజన్‌కి వారానికి ఎన్నిసార్లు వస్తావో రాయి, లేకపోతే ఏ మేకు ఊడినా నిన్నే పిలుస్తారు.

ఇంకోటి, మన దగ్గర ఏడాదికి పన్నెండు నెలల పని ఉండదు. ఆషాఢంలో గృహప్రవేశాలు ఉండవు, మూఢం వస్తే అసలే ఉండవు, శ్రావణం వస్తోందంటే అందరికీ అదే వారం ఇల్లు రెడీ కావాలి. ఏడాది ఖర్చుని పదితో భాగించుకో, పన్నెండుతో కాదు. ముహూర్తం దగ్గర పడ్డాక వచ్చి తొందరపెట్టేవాళ్లకి రేటు వేరే ఉండాలి. రాత్రి పనికి కార్పెంటర్లు ఎక్కువ కూలి అడుగుతారు కదా, నువ్వొక్కడివే పాత రేటుకి మేలుకోవడం ఏంట్రా?

ప్లైవుడ్ డబ్బు నీ అకౌంట్‌లోంచి తిప్పడం మాత్రం వెంటనే ఆపు. నువ్వు బిల్లులో ప్లైవుడ్, కూలీలు అన్నీ కలిపి వేస్తున్నావు, అదంతా నీ టర్నోవరే అవుతుంది, అలా అయితే ఏడాదికి 20 లక్షల జీఎస్టీ పరిమితి రెండు మూడు ఫ్లాట్లకే దాటిపోతావు, ఆ తర్వాత రిజిస్ట్రేషన్, నీ ఫీజు మీద 18 శాతం. ఇంటీరియర్ డెకరేషన్ లాంటి వృత్తులకి, వచ్చినదాంట్లో సగం లాభంగా చూపించి ఇన్‌కమ్ టాక్స్ కట్టే సులువైన పద్ధతి ఒకటుంది కదా, దానికి వెళ్తే ప్లైవుడ్ డబ్బులో సగం కూడా నీ లాభం కింద లెక్కకొస్తుంది. సామాను డబ్బు క్లయింటే షాపుకి నేరుగా కట్టేలా చూడు. నీ బిల్లులో నీ ఫీజు ఒక్కటే ఉండాలి. ఇది మన ఆడిటర్‌తో ఒకసారి కూర్చుని ఖాయం చేసుకో, పాత బిల్లులు కూడా చూపించు.

నీతో పని చేయించుకుని డబ్బివ్వని ఆ క్లినిక్ ఆయన ఎన్నాళ్ల నుంచి బాకీ? చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేసుకున్నావా? ఆన్‌లైన్‌లో అయిపోతుంది, పైసా ఖర్చు లేదు, డబ్బులడిగే ఏజెంట్ల జోలికి వెళ్లకు. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం, అదే చిన్న, మధ్యతరహా సంస్థల చట్టం ప్రకారం వ్యాపార సంస్థలు నీలాంటి చిన్నవాళ్లకి 45 రోజుల లోపు కట్టాలి, దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడింతల చక్రవడ్డీ. పని మొదలుకాకముందే రిజిస్టర్ అయ్యుండాలి కాబట్టి ఈ బాకీకి పనికిరాకపోవచ్చు, తర్వాతి వాటికి పనికొస్తుంది. ఈ ఆయన దగ్గర మాత్రం నువ్వే వెళ్లి కూర్చోవాలి, ఆ గంటలు కూడా రాయి.

పెద్దమ్మ వాళ్ల ఫ్లాటుకి ఫీజు అడగలేనన్నావట. అడగకు, నేను కూడా అడగను. కానీ బిల్లు పూర్తి మొత్తానికి వేసి, కింద తగ్గింపు అని రాసి సున్నా చేసి ఇవ్వు. ఎంత పని చేశావో వాళ్లకీ తెలియాలి, లేకపోతే వాళ్ల వియ్యాలవారింటికి కూడా నిన్నే పంపిస్తారు.

నాన్న బీపీ మాత్రలు ఆపేశారని అమ్మ చెప్పింది, నువ్వు పక్కనుండి వేయించు. మీ బావ నిన్ను అడిగానని చెప్పమన్నారు. ఆదివారం మీ పొద్దున తొమ్మిదికి ఫోన్ చేస్తాను, మొదటి వారం షీటు అప్పటికి నాకు పంపు, ఖాళీ గడులున్నా సరే, నింపడం మాత్రం మరదలికి అప్పజెప్పకు.

మీ అక్క