మా పాత కస్టమర్లకు: బండి మీది క్యారియర్ సంగతి

నేను, మీ ప్లంబర్ని. పోయిన వారం మూడు రోజులు ఎవరి ఫోనూ ఎత్తలేదు. వస్తానన్న ఇళ్లకు వెళ్లలేదు. ఒకరు "పెద్ద పనులు దొరికాక మేమెందుకు కనపడతాం లెండి" అని మెసేజ్ పెట్టారు. ఆ మాట బాగా గుచ్చుకుంది. పెద్ద పనులూ లేవు, ఏమీ లేవు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

బుధవారం తెల్లారకుండానే నేనూ మా కుర్రాడూ రాజమండ్రి నుంచి కొవ్వూరు బయల్దేరాం. అక్కడ గృహప్రవేశం. పైట్యాంకు లైను కలిపి, ముహూర్తానికి ముందే కుళాయిల్లో నీళ్లు వదలాలి. మా ఓమ్నీ వ్యాను కప్పు మీద ఇనప క్యారియర్, దాని పైన నిచ్చెన, పది పైపులు, రేకు టూల్‌బాక్సు. రోడ్డు కమ్ రైలు వంతెన మీద గోదావరి గాలి ఎలా కొడుతుందో మీకు తెలుసు. సగం దాటామో లేదో, నెత్తి మీద టప్‌మని చప్పుడు. క్యారియర్ ముందు కాలు ఊడి, మొత్తం నా వైపుకి ఒరిగిపోయింది. నిచ్చెన తాడుకి వేలాడుతూ డోరుకి కొట్టుకుంటోంది. టూల్‌బాక్సు మూత తెరుచుకుని పైపు రెంచి రోడ్డు మీద పడింది. వెనకాల స్కూటర్ మీద వస్తున్నాయన సమయానికి బ్రేకు వేశాడు కాబట్టి సరిపోయింది. ఆయన నన్ను తిట్టిన తిట్లన్నీ నాకు రావలసినవే.

కొవ్వూరు చేరేసరికి ముహూర్తం దాటిపోయింది. ఆ ఇంటివాళ్లు పక్కింటి నుంచి బిందెలతో నీళ్లు మోసుకొచ్చి పాలు పొంగించారు. డబ్బు తీసుకోలేదు, తీసుకునే మొహం కూడా లేదు.

ఇక ఆ క్యారియర్. నాలుగు నెలల కిందట, పదేళ్లుగా తెలిసిన వెల్డర్ చేత చేయించాను. పేరు చెప్పను, ఎవరూ అడగొద్దు. రెడీమేడ్ క్యారియర్ రేటు వినగానే గుండె ఆగినంత పనైంది, అందుకని ఇటొచ్చాను. ఇంచీ చదరం ఇనప పైపు, 16 గేజీ మందంది వేయమన్నాను. ₹6,500 అడిగాడు, ₹4,800కి ఒప్పించాను. ఆ బేరానికి ఇంటికొచ్చి మురిసిపోయాను కూడా.

ఊడిన చోట చూస్తే లోపల తెల్లగా ఏదో కనపడింది. గోటితో గీకాను. నల్లరంగు పొర లేచి, కింద నుంచి బొటనవేలి గోరంత లప్పం ముద్ద ఊడొచ్చింది. దాని వెనక రంధ్రం. పైపు పల్చన కావడంతో వెల్డింగ్ రాడ్డు వేడికి కాలి చిల్లు పడింది. చిల్లు పూడ్చి, రంగేసి, పసుపు కుంకుమ కూడా పెట్టి నాకిచ్చాడు. మిగతా మూడు కాళ్లూ గీకాను. ఇంకో రెండింట్లో అదే కథ.

పాత ఇనుము కొట్టు కాటా మీద పెట్టించాను. 16 గేజీ అంటే గోడ మందం 1.6 మిల్లీమీటర్లు, 20 అడుగుల లెంగ్తు 7 కిలోలు తూగాలి. నాలుగు లెంగ్తులు పట్టింది కాబట్టి మొత్తం 28. కాటా 17న్నర చూపించింది. అంటే వేసింది 20 గేజీ. గేజీ అంకె పెరిగితే పైపు పల్చన, దీని మందం మిల్లీమీటరు కూడా లేదు. ఫోన్ చేస్తే "నువ్విచ్చిన రేటుకి అదే వస్తుంది అన్నా" అన్నాడు. నేను రేటు తగ్గించమన్నాను గానీ మందం తగ్గించమన్నానా? ఈ రేటుకి రాదు అని ఒక్క మాట అనుంటే ఇంకో వెయ్యి ఇచ్చేవాణ్ణే. ఇప్పటికి రెండుసార్లు టీకి పిలిచాడు. వెళ్లలేదు, వెళ్లను.

నిజం చెప్పాలంటే అసలు మంట అతని మీద కాదు. మీ ఇళ్లలో పైపు చేత్తో పట్టుకుని "ఇది పల్చన, వద్దు" అని మీతో వాదించేది నేనే. అలాంటిది నా నెత్తి మీదకి ఎక్కించుకున్న పైపుని తూకం వేయలేదు.

చిన్న ట్రక్కు ఈఎంఐ మీద తీసుకోమని మా ఆవిడా, మా బావమరిదీ వారం నుంచి పోరుతున్నారు. రెండు రాత్రులు లెక్కలు వేశాను. ఆ ఈఎంఐ ఎక్కడి నుంచి రావాలి? మీ కుళాయిల్లోంచే. విజిటింగ్ చార్జీ ₹200 నుంచి ₹350 చేయాలి. వాషర్ మార్చడానికి ఎవరు పిలుస్తారండి నన్ను? వద్దనుకున్నాను. ఓమ్నీయే ఉంటుంది, ₹200 ఉంటుంది.

కొత్త క్యారియర్‌కి పైపు నేనే కొన్నాను, ప్రతి లెంగ్తూ కాటా వేయించి మరీ. వెల్డింగ్ వేరే అతను చేశాడు. రంగు వేయకముందు ప్రతి అతుకూ చూశాకే వేయనిచ్చాను. నాలుగు కాళ్ల బదులు ఆరు. కప్పు అంచున వాననీటి కాలువని పట్టే క్లాంపుల కింద సైకిల్ ట్యూబు ముక్కలు పెట్టాం, జారకుండా. నైలాన్ తాడు సాగుతుంది కాబట్టి దాన్ని తీసేసి, లాగి బిగిస్తే వదులవని రాచెట్ బెల్టులు కొన్నాను. రెంచిలు, పైపుకి మరలు కోసే డై సెట్టు, బరువైనవన్నీ ఇకమీద బండి లోపల, కిందే. పైన నిచ్చెన, సీపీవీసీ ప్లాస్టిక్ పైపులు, అంతే. పైపులు ఎండకి పాడవకుండా 4 ఇంచీల డ్రైనేజీ పైపుకి రెండు వైపులా మూతలు పెట్టి అందులో వేస్తున్నాం. ముక్కాలించివి డజను పడతాయి.

20 అడుగుల పైపులు మాత్రం ఇక మోయను. ఓమ్నీ పొడవే 11 అడుగులు. మోసే సరుకు, అనుమతించిన హద్దు దాటి బండి బయటికి పొడుచుకొస్తే, మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత జరిమానా ₹20,000. ఇన్నాళ్లూ ఎర్రగుడ్డ కట్టి నెట్టుకొచ్చాను, తప్పే. పొడవు పైపు కావలసినవాళ్లు షాపు నుంచే ట్రాలీ ఆటోలో తెప్పించుకోండి. ఈ నెలాఖరు వరకు ఆ కిరాయి నా బిల్లులో తగ్గిస్తాను.

ఆగిపోయిన ఐదు ఇళ్ల పనులు ఆదివారం లోపు అయిపోతాయి. కొవ్వూరు వైపు మంగళ, శుక్రవారాలు వస్తాను, తెల్లవారుజామున మాత్రం కాదు.

పాత క్యారియర్ని అమ్మలేదు, షాపు గుమ్మం పక్కనే ఆనించి ఉంచాను. వచ్చినప్పుడు ఎత్తి చూడండి. ఒంటిచేత్తో లేస్తుంది.