వీపు మీద గడ్డ గురించి సూరిబాబుకి

సూరిబాబూ,

చెల్లెమ్మ వీపు రుద్దుతుంటే భుజం రెక్క కింద గడ్డ చేతికి తగిలిందని, అప్పట్నుంచీ నిద్ర పట్టట్లేదని రాశావు. వీపు మీద లేచేవాటిలో ఎక్కువ భాగం కొవ్వు గడ్డలో సిస్టులో (చర్మం కింద తిత్తుల్లాంటివి) అయి ఉంటాయిరా. అలాగని వదిలెయ్యమనడం లేదు, అదేమిటో తేల్చుకోవాలి.

నువ్వు బోర్లా పడుకుని వీపు వదులుగా వదిలెయ్. చెల్లెమ్మని గడ్డ అంచు మీద వేలితో నెమ్మదిగా నొక్కమను. మెత్తగా ఉండి, అంచు వేలి కింద నుంచి జారిపోతూ, పైన చర్మం విడిగా కదిలితే అది లైపోమా, అంటే కొవ్వు గడ్డ లక్షణం. చర్మానికే అతుక్కుని, మధ్యలో నల్లటి చుక్క కనిపిస్తే సిస్టు అనుకోవచ్చు. ఆ చుక్క దాని నోరు. నొక్కితే తెల్లటి ముద్దలా, కంపు కొడుతూ వస్తుంది. దయచేసి నొక్కొద్దు. తిత్తి లోపలే చిట్లితే ఎర్రగా వాచి చీము పడుతుంది. అప్పుడు ఆ వాపు తగ్గేదాకా శుభ్రంగా తీయడం కుదరదు. తిత్తి గోడ కొంచెం మిగిలినా మళ్లీ పెరుగుతుంది. సున్నం బెల్లం పట్టీ కూడా వద్దు, చర్మం కాలుతుంది.

తర్వాత నిలబడి, రెండు చేతులూ నడుం మీద పెట్టి గట్టిగా లోపలికి నొక్కు. అప్పుడు గడ్డ కదలకుండా బిగుసుకుపోయినా, లోపలికి దాగినట్టున్నా కండలోనో దాని కిందో ఉన్నట్టు. పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయించు, నెల తర్వాత పోల్చుకోవడానికి పనికొస్తుంది.

5 సెంటీమీటర్లు దాటినా, పెరుగుతున్నా, లోతుగా ఉన్నా, ఒకసారి తీశాక మళ్లీ వచ్చినా నెలదాకా ఆగకు. అది సార్కోమా, అంటే కొవ్వు, కండ లాంటి వాటిలో పుట్టే క్యాన్సర్ కావడం అరుదే, కానీ అలాంటిదాన్ని స్కాన్ లేకుండా కోయించుకోవడమే పెద్ద పొరపాటు. మిగిలిన కణాలు చుట్టూ పొరల్లోకి పాకితే రెండో ఆపరేషన్ ఇంకా పెద్దదవుతుంది. ముందు అల్ట్రాసౌండ్, అవసరమైతే ఎమ్మారై, ఆ తర్వాతే సూది బయాప్సీ, అంటే సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించడం. ఈ వరస తప్పకూడదు. అనుమానం ఉంటే విశాఖ దగ్గర అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రికే వెళ్లు. మామూలు గడ్డకైతే కేజీహెచ్ సర్జరీ ఓపీ చాలు.

నీకు షుగర్ ఉంది కాబట్టి ఇంకో మాట. ఎర్రగా, వేడిగా, నాలుగైదు నోళ్లతో చీము కారుతూ జ్వరం వస్తే అది రాచపుండు, అంటే కార్బంకుల్ అనే చీము గడ్డ. అదే రోజు క్యాజువాలిటీకి పరిగెత్తాలి, మందుల షాపులో యాంటీబయాటిక్ కొని ఊరుకోకూడదు. వెన్నెముక పక్కనే వేడీ నొప్పీ లేని వాపు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే వెన్ను టీబీ కావచ్చు. దాన్ని సెగ్గడ్డలా కోసేస్తే గాయం మానకుండా కారుతూనే ఉంటుంది.

చిన్న లైపోమా ఇబ్బంది పెట్టకపోతే తీయించుకోకపోయినా ఫర్వాలేదు. తీయిస్తే మాత్రం గడ్డ ఉన్న చోటు వరకే మత్తు సూది ఇచ్చి తీస్తారు, అదే రోజు ఇంటికొచ్చేయొచ్చు. తీసిన ముక్కని పారేయకుండా హిస్టోపాథాలజీకి, అంటే మైక్రోస్కోపు పరీక్షకి పంపమని నోరు తెరిచి అడుగు. వీపు చర్మం లాగుతూ ఉంటుంది కాబట్టి కుట్లు 10 నుంచి 14 రోజులు ఉంచుతారు. అన్నాళ్లూ బరువులెత్తకు. మన ఉక్కపోతకి చెమట పట్టి కట్టు తడిస్తే వెంటనే మార్పించుకో.

ముందు కొలత రాసి పంపు, నొక్కితే ఎలా ఉందో చెల్లెమ్మని చెప్పమను.

నీ
రాంబాబు