ఒక్కపూటలో చూసేసే ఊరు కాదు వరంగల్

సంపాదకులకు నమస్కారం.

"వరంగల్‌లో చూడ్డానికేముంది? వేయి స్తంభాల గుడి, భద్రకాళమ్మ, కోట. పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికల్లా అయిపోతుంది." ఈ మాట హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లే కాదు, ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లు కూడా ఇంటికొచ్చిన చుట్టాలకు చెబుతున్నారు. ఇది శుద్ధ తప్పు. ఎందుకు తప్పో, అసలు అలా ఎందుకు అనిపిస్తోందో రెండూ చెప్పాలి.

ముందు కోట సంగతి. చాలామంది కారులో నేరుగా కోట నడిమధ్యనున్న రాతి తోరణాల దగ్గర దిగి, నాలుగు ఫొటోలు తీసుకుని వెనక్కి తిరుగుతారు. కోటంటే ఆ నాలుగు తోరణాలే కాదు. బయట మట్టికోట, లోపల కందకం, అది దాటాక 45 బురుజుల రాతికోట. రాతికోట దర్వాజాకు ముందే బండి దిగి నడవండి. దారి తిన్నగా పోదు. లోపలికి అడుగు పెట్టగానే ఎదురుగా గోడ. పక్కకు తిరగాలి, మళ్లీ తిరగాలి. ఏనుగు వేగమందుకుని వచ్చి తలుపును కుమ్మే వీలు లేకుండా కట్టిన మలుపులవి. అదే మలుపుల్లో ఇవాళ ఆటోలు, స్కూటర్లు హారన్ కొట్టుకుంటూ పోతుంటాయి, ఎందుకంటే కోట లోపల ఇప్పటికీ ఊరుంది, పొలాలున్నాయి. బండిలో కూర్చుంటే ఆ మలుపు రోడ్డు వంపులాగే అనిపిస్తుంది. నడిస్తేనే అర్థమవుతుంది.

తోరణాల దగ్గరికి వెళ్లే వేళ కూడా ముఖ్యం. పొద్దున ఎనిమిది లోపు గానీ, సాయంత్రం నాలుగున్నర తర్వాత గానీ వెళ్లాలి. వెలుగు ఏటవాలుగా పడితే చెక్కడంలోని పూలదండలు, ఆకుల్లాంటి తోకలున్న పక్షులు నీడ కట్టి పైకి తేలతాయి. మిట్టమధ్యాహ్నం అదే రాయి చదును బండలా కనిపిస్తుంది. పైగా అక్కడ నీడ తక్కువ, వేసవిలో పదకొండు దాటితే పిల్లలు, పెద్దవాళ్లు నిలబడలేరు. "కోటలో ఏమీ లేదు" అన్నవాళ్లను ఏ వేళప్పుడు వెళ్లారో అడిగి చూడండి. తెలంగాణ రాజముద్రలో ఉన్న తోరణం ఇదే. దీని చుట్టూ పడి ఉన్న రాళ్లు స్వయంభూ ఆలయానివి. అక్కణ్నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఏటవాలు గోడల పాత కట్టడం ఖుష్ మహల్ ఉంది. తీరిగ్గా చూస్తే కోటకే మూడు గంటలు పడుతుంది.

వేయి స్తంభాల గుడి 1163 నాటిది. అక్కడ గర్భగుడి చూసి బయటపడకుండా, ఎదురుగా ఉన్న కళ్యాణ మండపం దగ్గర ఆగాలి. కాకతీయులు గుంత తవ్వి, ఇసుక నింపి, దాని మీద ఇంత బరువును నిలబెట్టారు. నేల కదిలినా ఆ కదలికను ఇసుక తనలోనే సర్దుకుంటుందన్నది వారి లెక్క. మండపం శిథిలమయ్యేసరికి 2006లో విప్పదీశారు, పునాదితో సహా మళ్లీ కట్టి 2024 మార్చిలో తెరిచారు. పద్దెనిమిదేళ్ల పని! అక్కడ గైడ్ చెప్పాల్సిన కథ ఇదే.

ఊళ్లోని కొత్తవాడలో నేసే వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది. అయినా ఏ టూరిస్టు బస్సూ అటు వెళ్లదు. మగ్గం మీద నేసిన జంపఖానాకు పైవైపు, కిందవైపు అని ఉండదు, ఎటు తిప్పినా అదే డిజైను, అవే రంగులు. ఒక వైపే అచ్చు కొట్టినదైతే వెనక్కి తిప్పగానే బయటపడుతుంది. ఈ గుర్తు తెలిస్తే కొనేవాళ్లు అచ్చు సరుకును నేత అనుకుని మోసపోరు, నేసేవాళ్లకు న్యాయమైన ధర వచ్చే వీలుంటుంది.

ఇక అసలు లోటు దగ్గరికి వస్తాను. మనకు పగలు చూడ్డానికి బోలెడున్నాయి. సాయంత్రానికే ఏమీ లేదనిపిస్తోంది. హైదరాబాద్ వాళ్లు రామప్ప గుడి, లక్నవరం చెరువు చూసుకుని, రాత్రి వరంగల్‌ను ఆనుకునే ఉన్న హనుమకొండలో ఆగకుండా వెళ్లిపోవడానికి కారణం అదే. ప్రజాకవి కాళోజీ శతజయంతి నాడు, 2014 సెప్టెంబరు 9న శంకుస్థాపన చేసిన కాళోజీ కళాక్షేత్రం పదేళ్ల తర్వాత, 2024 నవంబరు 19న తెరుచుకుంది. భవనం వచ్చింది. ఇప్పుడు అందులో ఏం జరగాలన్నదే ప్రశ్న.

నాటక సమాజానికి హాలు మూడు గంటలిస్తే సరిపోదు. సెట్ నిలబెట్టడానికి నాలుగు గంటలు, లైట్లు సరిచూసుకోవడానికి రెండు, ఒకసారి ఆడి చూసుకోవడానికి ఇంకో రెండు. అంటే ప్రదర్శనకు ముందు ఒక పూర్తి రోజు కావాలి. ఆ రోజుకూ పూర్తి అద్దె అడిగితే ఏ ఊరి సమాజమూ కట్టలేదు. కంపెనీ మీటింగుకు ఒక ధర, స్థానిక కళాకారులకు కరెంటు, శుభ్రత ఖర్చు మాత్రమే. ఈ తేడా రాతపూర్వకంగా ఉండాలి. నెలలో నాలుగు సాయంత్రాలు వాళ్లకే ముందుగా కేటాయించాలి.

జానపద కళల సంగతి వేరు. డోళ్ల దరువు మీద కథ చెప్పే ఒగ్గు కథ జనం చుట్టూ కూర్చుంటే పుట్టిన కళ. దాన్ని మూసిన హాల్లో ఎత్తైన వేదిక ఎక్కిస్తే డోలు దెబ్బ గోడలకు కొట్టుకుని తిరిగొస్తుంది. కథకుడి ముందు నిలబెట్టిన మైకే డోలునూ పట్టేస్తుంది. సౌండ్ పెంచితే కీచుమంటుంది, తగ్గిస్తే కథ వినపడదు. కథకుడికి చెంప దగ్గర చిన్న మైకు పెట్టి, డోళ్లకు అసలు మైకే లేకుండా నాలుగడుగులు వెనక్కి నిలబెడితే ఇబ్బంది చాలావరకు తీరుతుంది. అంతకన్నా మంచిది, ఒగ్గు కథను, చిందు యక్షగానాన్ని ఆరుబయట ఆడించడం. ఆవరణల్లో, పార్కుల్లో, గుండ్రంగా జనం కూర్చునే చోట. తెల్లవార్లూ ఆడే చిందు ఆటకు సభల్లో ఇరవై నిమిషాలిచ్చి, మంత్రిగారు రాగానే ఆపేయమనడం ఆ కళాకారులకు అవమానం. కనీసం రెండు గంటలివ్వాలి, లేదంటే పిలవకూడదు.

బతుకమ్మ తొమ్మిది రోజులూ ఈ ఊరికి ఏ ప్రచారమూ అక్కర్లేదు. ఎంగిలిపూల నాడు వేయి స్తంభాల గుడి, సద్దుల నాడు పద్మాక్షి గుట్ట దగ్గర ఇసుకేస్తే రాలనంత జనం. అక్కడ కావలసింది గుండంలో గుర్రపుడెక్క పదిరోజుల ముందే తీయించడం, మెట్ల దగ్గర వెలుతురు, ఆడవాళ్లకు సరిపడా మరుగుదొడ్లు. అంతే.

ఊరి లోపాలను దాచాలని నా ఉద్దేశం కాదు. రామప్పకు యునెస్కో గుర్తింపు 2021లో వచ్చింది, అది హనుమకొండకు సుమారు 70 కిలోమీటర్లే. అయినా సొంత బండి లేనివాళ్లు ములుగు దాటాక దిగి ఆటో కోసం చూడాల్సి వస్తోంది. పొద్దున ఏడుకు హనుమకొండలో బయల్దేరి, సాయంత్రం ఆరులోపు తిరిగి చేర్చే ఒక్క బస్సు శని, ఆదివారాల్లో క్రమం తప్పకుండా నడిస్తే చాలు. రాత్రి ఊళ్లోనే ఉంటారు, ఏడు గంటల ప్రదర్శనకు అందుకుంటారు.

ఆ ప్రదర్శన ఉందని వాళ్లకు తెలియాలి కదా. వరంగల్, కాజీపేట రైల్వే స్టేషన్లలో, హనుమకొండ బస్టాండ్‌లో, కళాక్షేత్రం గేటు ముందు తలా ఒక బోర్డు పెట్టి, ఆ నెలలో ఏ తేదీన, ఎక్కడ, ఎన్ని గంటలకు, ఏముందో తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించాలి. నెల మొదటి రోజే మార్చాలి. నగరపాలక సంస్థ ఈ పని వచ్చే నెల నుంచే మొదలుపెట్టాలని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, హనుమకొండ