మే నెలలో మమ్మల్ని పిలవండి

పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి, పర్యావరణ, అటవీ శాఖల మంత్రి గారికి,

అయ్యా, నమస్కారం.

డిసెంబరు వచ్చేసరికి ప్రభుత్వానికి క్రైస్తవులం మేం గుర్తొస్తాం. తేనీటి విందు పెడతారు, కేకు కోస్తారు. మా పాస్టర్లు తెల్లచొక్కాలు ఇస్త్రీ చేయించుకుని వెళ్లి ఫొటోలు దిగి వస్తారు. తప్పు పట్టడం లేదు, పిలిచిన మర్యాద మర్యాదే. కానీ మా పల్లెకు మీతో అసలు పని పడేది ఎండలు మండే మే నెలలో. పంచాయతీ, పర్యావరణం, అడవి ఒక్కరి చేతిలోనే ఉండటం మాబోటివాళ్లకు అరుదుగా కలిసొచ్చే సంగతి. మూడు ఆఫీసుల చుట్టూ తిరగక్కర్లేదు కదా అని ఒక్క ఉత్తరంలోనే అన్నీ రాస్తున్నాను.

నేను ఒంగోలు దగ్గర ఒక పల్లెలో పుట్టి, ముప్పై మూడేళ్లు పంతులమ్మగా చేసి రిటైరైనదాన్ని. మా బాప్టిస్టు సంఘంలో స్త్రీల సమాజం పని చూస్తుంటాను. నాకు వాతావరణ శాస్త్రం తెలియదు. ఎండ తెలుసు.

2015 మే నెల మీకూ గుర్తుండే ఉంటుంది. ఆ ఏడు దేశంలో వడగాలికి రెండువేల మందికి పైగా చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది మన రెండు తెలుగు రాష్ట్రాలవాళ్లే. మా వీధిలో ఒకామె చెరువు పూడిక పనికి వెళ్లింది. పదకొండింటికి తల తిరుగుతోందని గట్టు మీద కూర్చుందట. పక్కనున్నవాళ్లు కాసేపు పడుకోమని తలమీద తడిగుడ్డ వేశారు. గట్టు మీద నీడ ఏదీ? ఒక సర్కారు తుమ్మ చెట్టు, దాని కింద ఎంత నీడ ఉంటుందో అంత. సాయంత్రానికి మనిషి లేదు. పోస్టుమార్టం జరగలేదు కాబట్టి ఎండదెబ్బ అని రాయలేమన్నారు. కాగితం మీద ఆమె గుండెపోటుతో పోయింది. ఆమె కూతురు నా దగ్గర ఐదో తరగతి చదువుకుంది. ఎవరిమీదా ఫిర్యాదు చెయ్యడానికి ఇది చెప్పడం లేదు, ఎండ అనే మాట మా కాగితాల్లోకి ఎంత కష్టపడి వస్తుందో తెలియడానికి చెబుతున్నాను.

మాది సముద్రానికి దగ్గర. మామూలు రోజుల్లో మధ్యాహ్నం దాటగానే సముద్రపు గాలి తిరిగి కాస్త ప్రాణం లేచొస్తుంది. పడమటి గాలి గట్టిగా కొట్టే రోజుల్లో అది రాదు, ఒకవేళ వచ్చినా ఏ సాయంత్రానికో వస్తుంది. గాలి తిరిగాక ఉక్క మొదలు. ఒంటిమీద చెమట ఆరదు. చెమట ఆరితేనే కదా ఒళ్లు చల్లబడేది! అందుకే ఫోనులో చూపించే డిగ్రీలు చూసి "నలభయ్యే కదా" అంటే మాకు నవ్వొస్తుంది. పైన సిమెంటు రేకులు. రాత్రి పదింటికి కూడా రేకు కింద మంచం వేస్తే పెనం కింద పడుకున్నట్టే ఉంటుంది.

ఇది చర్చివాళ్లు మాట్లాడాల్సిన విషయమేనా అని మా సంఘంలోనే కొందరు అడిగారు. వాళ్లకు మన జిల్లా చరిత్రే చెప్పాను. మీకూ చెబుతాను.

1876లో వానలు పోయాయి, ఆ మరుసటి ఏడూ సరిగ్గా పడలేదు. మన పెద్దలు దాన్ని ధాత కరువు అన్నారు. మద్రాసు ప్రెసిడెన్సీలో లక్షలమంది ఆకలితో, కలరాతో పోయారు. అదే కాలంలో ఇక్కడి ధాన్యం ఓడలెక్కి పరదేశాలకు పోతూనే ఉంది. ఒంగోలులో అప్పుడు జాన్ క్లౌ అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఉండేవాడు. మావాళ్లకు ఆయన క్లౌదొర. మిషనరీ కాకముందు సర్వే పని నేర్చినవాడు. ఊరికే గంజి పోసి కూర్చోకుండా బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకున్నాడు. బోధకులనే మేస్త్రీలుగా పెట్టి, పని అడిగినవాళ్లందరినీ కాలువలోకి దించి, కూలి ఇచ్చాడు. మా ముత్తాత తండ్రి ఆ కాలువలో తట్ట మోశాడని ఇంట్లో చెప్పుకునేవాళ్లు. కూటి కోసం మతంలో కలిశారన్న మాట పడకూడదని కరువు పనులు నడిచినన్నాళ్లూ, పదిహేను నెలలపాటు, ఆయన బాప్తిస్మాలు ఆపేశాడు. కరువు తెరిపిచ్చాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. (ఆ గుండ్లకమ్మ మీద కట్టిన జలాశయానికి 2022లో ఒక గేటు, 2023 డిసెంబరులో తుపాను వెలిశాక మరో గేటు కొట్టుకుపోయి నీళ్లు సముద్రంలో కలిశాయి. అది మీ శాఖ కాదు కాబట్టి వదిలేస్తున్నాను.)

మెదక్ చర్చి కథా ఇలాంటిదే. మొదటి ప్రపంచయుద్ధం నాటి కరువులో పోస్నెట్ అనే మిషనరీ దొర జనానికి పని చూపించడానికి గుడి కట్టించాడు. 1924 క్రిస్మస్ రోజున ప్రతిష్ఠ జరిగింది. ఇవాళ జనం దాని రంగుటద్దాల కిటికీలు చూడ్డానికి వెళ్తారు. కట్టినవాళ్లు తిన్న కూలిగింజలు ఎవరికి గుర్తు?

అంటే తెలుగు క్రైస్తవ సంఘంలో పెద్ద భాగం కరువు పనిలో పుట్టింది. వాన తప్పితే ఏం చెయ్యాలో మా సంఘానికి పుట్టుకతోనే తెలుసు. ఆ విద్యను మేం మరిచిపోయాం. ఆ తప్పు ముందు ఒప్పుకోవాలి, తర్వాతే మిమ్మల్ని అడగాలి.

మా తప్పుల చిట్టా చిన్నదేం కాదు. ఒక గుడిలో పండగ వస్తే నాలుగు ఫ్లెక్సీలు. వాటిమీద యేసుప్రభువు కన్నా పెద్దగా ప్రసంగీకుడి బొమ్మ. థర్మోకోల్ ప్లేట్లను 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించారు. అయినా మా ప్రేమ విందుల్లో అవి కనబడుతూనే ఉన్నాయి, అవయ్యాక గుడి వెనకే తగలబెడతాం. పాతకాలం మిషను గుడులకు బంగళా పెంకు, ఎత్తు కప్పు, చుట్టూ వరండా ఉండేవి. మే నెలలో లోపలికెళితే చల్లగా ఉండేది. అవి పడగొట్టి శ్లాబు పోసి, ఏసీలు పెట్టి, కరెంటు బిల్లు కోసం కానుకలు పడుతున్నాం.

అన్నిటికన్నా పెద్ద తప్పు ప్రసంగపీఠం మీద జరుగుతోంది. తుపాను వచ్చినా, చెరువు ఎండినా "అంత్యదినాలు, క్రీస్తు రాకడ దగ్గరపడింది" అని రెండు వచనాలు చదివి ఆమెన్ అంటారు. రాకడ ఎప్పుడో తండ్రికి తప్ప ఎవరికీ తెలియదని అదే బైబిల్లో ఉంది. ఈలోపు చెరువులో పూడిక ఎవరు తీస్తారు? ఈ మాట స్త్రీల సమాజం కూటంలో అంటే ఒక పెద్దాయన నొచ్చుకున్నాడు. నొచ్చుకుంటే నొచ్చుకున్నాడు.

ఆదికాండం మొదటి అధ్యాయంలో భూమిని "లోపరచుకొనుడి" అని ఉంది. చెట్టు కొట్టాలన్నా కొండ తవ్వాలన్నా మనవాళ్లకు నోటికొచ్చే మాట అదొక్కటే. పేజీ తిప్పితే రెండో అధ్యాయంలో నరుణ్ణి తోటలో ఎందుకు పెట్టాడో కూడా చెప్పాడు: సేద్యపరచడానికీ, కాచడానికీ. కాచుట అంటే మా పల్లెలో ఎవరికీ అర్థం చెప్పక్కర్లేదు. జొన్నచేలో మంచె ఎక్కి పిట్టల్ని తోలినవాళ్లం, పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర రాత్రంతా మంట కాచినవాళ్లం. చేను కాసేవాడు చేనుకు ఆసామి కాడు. పంట ఆసామికి అప్పజెప్పాల్సిన మనిషి. బ్యారన్ల సంగతి వచ్చింది కాబట్టి ఇదీ చెబుతాను. వాటిలో కాలే కట్టె ఎన్ని చెట్లో మా చేతులకు తెలుసు. కూలి కోసం మేమే నరికాం, మేమే మోశాం.

బయటి సంఘాలు ఈ విషయంలో మాకన్నా ముందున్నాయి. 2015లో పోప్ ఫ్రాన్సిస్ భూమి మొర, పేదల మొర రెండూ ఒకటేనని లోకానికంతటికీ లేఖ రాశారు. అది బయటికొచ్చింది జూన్ 18న, మా వీధిలో ఆమెను పూడ్చిన కొన్ని వారాలకే. బాప్టిస్టులం కాబట్టి పోపు మాట మాకు శాసనం కాదు గానీ, మంచి మాట ఎవరు చెబితేనేం? సెప్టెంబరు 1ని సృష్టి కోసం ప్రార్థించే రోజుగా 1989లోనే ఆర్థడాక్స్ సంఘం పెట్టుకుంది. దక్షిణ ఇండియా సంఘానికి (సీఎస్ఐ) పర్యావరణం కోసం ఒక విభాగమే ఉంది. మా వంతుగా మేం పోయిన క్రిస్మస్‌కి విస్తరాకులు, స్టీలు గ్లాసులు పెట్టాం. ఫ్లెక్సీ మానేశాం. కుర్రాళ్లు వారం రోజులు నాతో మాట్లాడలేదు. మొక్కలు అరవై నాటితే మేకలు తిన్నవి పోను, నీళ్లు లేక ఎండినవి పోను పదకొండు మిగిలాయి.

ఇక మిమ్మల్ని అడగాల్సినవి.

మొదటిది ఉపాధి పని గంటలు. ఒకప్పుడు వేసవి భత్యం ఉండేది. ఎండల్లో పని కాస్త తక్కువ చేసినా ఏప్రిల్, మే నెలల్లో 30 శాతం దాకా కలిపి కూలి కట్టేవాళ్లు. ఇప్పుడు కొలత ఎంతో కూలి అంత. కూలి పడాలంటే గొయ్యి లోతు రావాలి, లోతు రావాలంటే పన్నెండింటి దాకా తవ్వాలి. "ఎండలో పని చెయ్యకండి" అని గోడమీద రాయించి, కొలత మాత్రం తగ్గించకపోతే ఆ రాత ఎవరి కోసం? వేసవిలో కొలత తగ్గించండి. పదిన్నరకల్లా పని ఆపించండి. పని దగ్గర తాటాకు పందిరి, కుండలో నీళ్లు కాగితం మీద కాకుండా కంటికి కనబడాలి.

రెండోది మా గుడి. అహ్మదాబాద్ 2013లోనే వడగాలి ప్రణాళిక వేసుకుని, ఎండలు ముదరకముందే జనాన్ని హెచ్చరించడం మొదలుపెట్టింది. తెలంగాణ 2023లో ఇంటి కప్పులు చల్లబరిచే విధానం తెచ్చింది. మన దగ్గర పల్లెపల్లెకీ ఒక గుడి ఉంది, ఆదివారం తప్ప మిగతా రోజులన్నీ తాళం వేసి ఉంటుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా పదకొండు నుంచి నాలుగింటి వరకు మా చర్చి తలుపులు తెరిచిపెడతాం. ఏ కులం, ఏ మతం అని అడగం. ప్రార్థన చెయ్యమని ఎవరినీ బలవంతపెట్టం. క్లౌదొర కాలువ దగ్గర పాటించిన నియమమే మాకూ నియమం. రామాలయం, మసీదు వాళ్లనూ ఇదే అడగండి, వాళ్లూ కాదనరు. మీరు ఇవ్వాల్సింది డబ్బు కాదు. ఆశా కార్యకర్త రోజుకోసారి వచ్చి చూడాలి, ఓఆర్ఎస్ పొట్లాలు ఉండాలి, ఫలానా చోట నీడ ఉందని పంచాయతీ మైకులో చెప్పించాలి. కప్పు మీద సున్నం మేమే కొట్టుకుంటాం.

మూడోది చెబితే మీకు వింతగా ఉండొచ్చు. మా శ్మశానాన్ని మేం సమాధుల తోట అంటాం. పేరుకే తోట. ఉన్నదంతా సర్కారు తుమ్మ. శవాన్ని మోసుకెళ్లేవాళ్ల కాళ్లలో ముళ్లు దిగుతాయి. చాలాచోట్ల ఆ స్థలం పోరంబోకు లెక్కల్లో ఉంది, మొక్క నాటాలంటే ఎవర్ని అడగాలో తెలియదు. ఊళ్లలో ఉన్న సమాధుల తోటలన్నిట్లో తుమ్మ తీయించి వేప, కానుగ, చింత నాటడానికి ఉపాధి పనుల్లో చోటివ్వండి. మూడు వేసవులు నీళ్లు పోసే కూలి కూడా లెక్కలో పెట్టండి. మొక్క నాటిన రోజు ఫొటో దిగి వెళ్లిపోతే ఏమవుతుందో మా అరవై మొక్కలు చెప్పాయి. స్థలానికి పట్టా అడగడం లేదు. దళిత క్రైస్తవుల రిజర్వేషన్ సంగతి కూడా ఈ ఉత్తరంలో ఎత్తను, దానికి వేరే రోజుంది.

ఈ డిసెంబరులో విందు పెడితే పెట్టండి, మా పాస్టరుగారు వస్తారు. మీరు మాత్రం మే నెలలో ఒకసారి మా పల్లెకు రండి. మధ్యాహ్నం రెండింటికి రండి, పొద్దున వద్దు. కారు రోడ్డు మీదే ఆపి, చెరువుగట్టు మీదుగా సమాధుల తోట దాకా నడుద్దాం. అర కిలోమీటరు కన్నా ఎక్కువ ఉండదు. తిరిగొచ్చాక గుడిలో కూర్చుని మజ్జిగ తాగి మాట్లాడుకోవచ్చు. తాళంచెవి నా దగ్గరే ఉంటుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పంతులమ్మ,
స్త్రీల సమాజం,
ఒంగోలు దగ్గర ఒక పల్లె