కొత్త కంప్యూటర్లలోకి పాత పాలసీ తేదీలూ రావాలి

సంపాదకులకు నమస్కారం.

ఆరోగ్య బీమా సంస్థలు ఏళ్లనాటి కంప్యూటర్ వ్యవస్థలను పక్కనపెట్టి కొత్తవి తెచ్చుకుంటున్నాయి. దీనిపై జరుగుతున్న చర్చంతా మొబైల్ యాప్ చుట్టూ, క్యాష్‌లెస్ (రోగి డబ్బు కట్టనక్కరలేకుండా బీమా సంస్థే ఆసుపత్రికి చెల్లించే పద్ధతి) అనుమతి ఎంత త్వరగా వస్తుందన్న విషయం చుట్టూ తిరుగుతోంది. నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024 మే 29న ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్యాష్‌లెస్ అభ్యర్థనపై గంటలోపు, డిశ్చార్జి బిల్లుపై మూడు గంటల్లోపు బీమా సంస్థ నిర్ణయం చెప్పాలి. ఆ మూడు గంటలు దాటినందుకు ఆసుపత్రి అదనంగా ఏమైనా వసూలు చేస్తే అదీ సంస్థే భరించాలి. నిబంధన మంచిదే. కానీ గంటలోపు వచ్చిన జవాబు తిరస్కరణ అయితే, దానికి కారణం రోగి దాచిన జబ్బా, లేక సంస్థ తన పాత రికార్డును కొత్త కంప్యూటర్‌లోకి సరిగా ఎక్కించకపోవడమా అన్నది ఆ గంటలో తేల్చేవారెవరూ ఉండరు.

మా వీధిలో రొయ్యల చెరువులు చేసే ఒక రైతు 2012 నుంచి ఒకే సంస్థలో ఏటా పాలసీ రెన్యువల్ చేయించుకుంటున్నారు. తనకు షుగర్ ఉందని మొదటి దరఖాస్తులోనే రాశారు. స్టెంటు వేయించుకోవడానికి కాకినాడలో చేరితే, పాలసీ మొదలై మూడేళ్లు నిండలేదు కనుక ముందునుంచి ఉన్న జబ్బుకు సంబంధించిన చికిత్సకు చెల్లింపు కుదరదని సమాధానం వచ్చింది. కాగితాలు తెప్పించి చూస్తే, సంస్థ కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మారిన రోజునే ఆయన పాలసీ ప్రారంభ తేదీగా వేశారు. ‘గత పాలసీ నంబరు’ అన్న గడి ఖాళీగా ఉంది. అప్పటికి మేత డీలరు దగ్గర చేబదులు తీసుకుని బిల్లు కట్టేశారు. పాత పాలసీ కాగితాలన్నీ ఆయన భార్య బీరువాలో వరుసగా దాచబట్టి నెలల తర్వాతైనా డబ్బు వెనక్కి వచ్చింది. కాగితాలు లేనివారి సంగతేమిటి?

ఈ తేదీ విలువ ఎంతో చదువరులకు చెప్పాలి. ఇప్పటి నిబంధనల ప్రకారం ముందునుంచి ఉన్న జబ్బులకు నిరీక్షణ కాలం గరిష్ఠంగా 36 నెలలు. 60 నెలలు ఎడతెగకుండా పాలసీ నడిస్తే, మోసం రుజువైతే తప్ప, వివరాలు దాచారన్న నెపంతో క్లెయిమును కాదనడానికి లేదు. అంటే పాలసీదారుకు చట్టం ఇచ్చిన రక్షణ మొత్తం ఒక్క ప్రారంభ తేదీ మీద నిలబడి ఉంది. ఆ తేదీ పోతే పన్నెండేళ్ల ప్రీమియం కట్టిన మనిషి కూడా నిన్నగాక మొన్న చేరినవాడే అవుతాడు.

తేదీలు ఎందుకు పోతున్నాయంటే, ఆరోగ్య బీమా సాధారణంగా ఏడాది ఒప్పందం. చాలా పాత వ్యవస్థలు ప్రతి రెన్యువల్‌నూ కొత్త పాలసీగా, కొత్త నంబరుతో రాసుకున్నాయి. వెనకటి ఏడాదితో సంబంధం కలిపేది గుమాస్తా చేత్తో టైపు చేసిన పాత నంబరు మాత్రమే. అందులో ఒక అంకె తప్పితే గొలుసు అక్కడితో తెగుతుంది. పైగా క్లెయిముల చరిత్ర చాలాచోట్ల బీమా సంస్థ దగ్గర కాక, దాని తరఫున క్లెయిములు చూసే టీపీఏ అనే బయటి సంస్థల దగ్గర ఉండిపోయింది. టీపీఏ మారినప్పుడల్లా కార్డు నంబరూ మారింది.

మన జిల్లాల్లో పేర్ల చిక్కు దీనికి తోడు. అన్నవరం సత్యదేవుడి మీద భక్తితో ఇక్కడ వీధికొక వీర వెంకట సత్యనారాయణమూర్తి ఉంటారు. ముందు ఇంటిపేరు కూడా చేర్చి ఇంగ్లిషులో రాస్తే అది ఏ గడిలోనూ పట్టదు. ఆధార్‌లో పూర్తిగా, పాలసీలో పొడి అక్షరాలుగా, బ్యాంకు ఖాతాలో సగానికి తెగి ఉన్న ఆ పేర్లు ముగ్గురు వేర్వేరు మనుషులవని కొత్త కంప్యూటర్ అనుకుంటే దాని తప్పేమీ లేదు. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక రాజోలువారి చిరునామా కొన్ని చోట్ల ఇంకా తూర్పు గోదావరే. 2020లో ఆంధ్రా బ్యాంకు విలీనమై ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్లు మారిన సంగతి తెలియని రికార్డులూ ఉండవచ్చు.

నేను పనిచేసిన బ్యాంకు శాఖ కోర్ బ్యాంకింగ్‌లోకి (శాఖలన్నిటినీ కలిపే ఒకే కంప్యూటర్ వ్యవస్థలోకి) మారినప్పుడు కూడా తప్పులు దొర్లాయి. కానీ ఖాతాదారు చేతిలో పాస్‌బుక్కు ఉండేది. మా నిల్వకు, ఆయన పుస్తకానికి పొంతన లేకపోతే మరునాడే కౌంటర్ దగ్గర నిలదీసేవారు. మాకు అదే ఆడిట్ (అసలు ఆడిటర్లు రావడం ఆ తర్వాతి మాట). బీమాలో అటువంటి పుస్తకం లేదు. తప్పు బయటపడేది ఆసుపత్రి మంచం మీదే.

ఆసుపత్రులూ బీమా సంస్థలూ ఒకే పద్ధతిలో సమాచారం మార్చుకునేందుకు జాతీయ ఆరోగ్య ప్రాధికార సంస్థ నేషనల్ హెల్త్ క్లెయిమ్స్ ఎక్స్ఛేంజ్‌ను తెచ్చింది. ఒక్కో సంస్థ పోర్టల్‌లో ఒక్కో పాస్‌వర్డుతో అవే కాగితాలను మళ్లీ మళ్లీ అప్‌లోడ్ చేసే ఆసుపత్రి ఇన్సూరెన్స్ డెస్క్ సిబ్బందికి ఇది నిజంగా ఊరట. అయితే ధవళేశ్వరంలో లాకులెత్తినంత మాత్రాన పూడిక తీయని కాలువ కింది శివారు చేలకు నీరందదు. సంస్థల సొంత రికార్డులు సరిగా లేనంతకాలం ఎక్స్ఛేంజ్ వల్ల తప్పుడు జవాబు కూడా వేగంగానే చేరుతుంది.

కాబట్టి ఐఆర్‌డీఏఐకి నా విన్నపం ఇది. ఏ సంస్థ అయినా కొత్త వ్యవస్థకు మారేముందు, ప్రతి పాలసీదారుకూ తన రికార్డును ఒక పేజీలో, తెలుగులో పంపాలి. మొదటి ప్రారంభ తేదీ, కుటుంబ సభ్యుల పేర్లు, వెల్లడించిన జబ్బులు, క్లెయిము చేయని ఏళ్లకు వచ్చిన బోనస్, గత క్లెయిములు అందులో ఉండాలి. తప్పులు చెప్పడానికి గడువివ్వాలి, సరిదిద్దినట్టు రసీదు ఇవ్వాలి. ఎస్సెమ్మెస్‌లో ఒక లింకు పంపి చేతులు దులుపుకుంటే చాలదు, ఎందుకంటే పాలసీలో ఇచ్చిన ఫోను నంబరు చాలా ఇళ్లలో గల్ఫ్‌లో ఉన్న కొడుకుది. తేదీపై వివాదం వస్తే పాత రికార్డు చూపించి రుజువు చేసే భారం సంస్థదే కావాలి. ఇందుకోసం పాత సర్వర్లను చదవడానికి వీలుగా కనీసం 60 నెలలు ఉంచాలి. పాలసీదారు రక్షణకు చట్టం లెక్కగట్టిన కాలం అదే అయినప్పుడు, అంతకుముందే వాటిని తుడిచివేసే హక్కు సంస్థకు ఉండకూడదు.

భవదీయుడు,
విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
పాలకొల్లు, పశ్చిమ గోదావరి జిల్లా.